గీత పక్కన పరుగెత్తేవాడు: వింగర్ మీద నూరేళ్ల తగవు

“ఆటగాడు మంచివాడే, ఎవరూ కాదనరు. కానీ మన ఆటలో ఇముడుతాడా?” ఏ దేశంలోనైనా, ఏ క్లబ్ అభిమానుల మధ్యనైనా, కొత్త వింగర్ వచ్చిన వారం తిరగకముందే ఈ ప్రశ్న లేస్తుంది. సెంటర్ ఫార్వర్డ్‌ను వేసిన గోల్స్‌తో తూస్తారు. గోల్‌కీపర్‌ను ఆపిన బంతులతో తూస్తారు. వింగర్ దగ్గరికి వచ్చేసరికి ఆ తూకం కుదరదు. అతనికి ఒక పక్క తెల్లగీత, ఇంకో పక్క ప్రత్యర్థి ఫుల్‌బ్యాక్. బంతి అతని దగ్గరికి వచ్చేది తక్కువసార్లు. వచ్చిన ప్రతిసారీ గ్యాలరీ లేచి నిలబడుతుంది. ప్రేక్షకులకు అందరికంటే దగ్గరగా ఆడేది అతనే. ఎదుటివాణ్ని దాటితే మొదటి కేక అతని వెనక నుంచే వస్తుంది. బంతి పోగొట్టుకుంటే మొదటి తిట్టూ అక్కడి నుంచే.

ఈ తగవు చరిత్రను మొదటి నుంచీ తిరగేస్తే నాకు ఒక సంగతి బలంగా కనిపిస్తుంది. వింగర్ ఒక జట్టులో ఇమడటం, ఇమడకపోవడం అతని కాళ్లలో సగమే ఉంది. మిగతా సగం అతని వెనక నిలిచే ఫుల్‌బ్యాక్‌లో, లోపలి వైపు ఆడే సహచరుడిలో, అవతలి అంచున ఉన్న రెండో వింగర్‌లో ఉంది. అభిమానులు ఒక్కణ్నే నిలబెట్టి విచారిస్తారు. విచారించాల్సింది ఆ నలుగురినీ కలిపి.

మొదట్లో ఈ తగవే లేదు. 1872 నవంబర్ 30న గ్లాస్గో పక్కనున్న పార్టిక్‌లో స్కాట్లాండ్, ఇంగ్లండ్ తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడాయి. ఇంగ్లండ్ పద్ధతి సూటిగా ఉండేది: బంతి దొరికినవాడు డ్రిబ్లింగ్ చేస్తూ సాగిపోవడం, తక్కినవాళ్లు వెన్నంటి పోవడం. స్కాట్లాండ్ వాళ్లు బంతిని ఒకరికొకరు ఇచ్చుకున్నారు. మ్యాచ్ 0-0గా ముగిసింది కానీ పాస్ అనే ఆలోచన నిలిచిపోయింది. 1880ల నాటికి వెనక ఇద్దరు, మధ్య ముగ్గురు, ముందు ఐదుగురు అనే అమరిక స్థిరపడింది. ఆ ఐదుగురిలో ఇటు చివర రైట్ అవుట్, అటు చివర లెఫ్ట్ అవుట్. ఇద్దరి పనీ ఒకటే: గీత వెంట దూసుకుపోయి, మూల దాకా చేరి, బంతిని గోల్ ముందుకు పంపడం. అన్ని జట్లూ ఒకే అచ్చులో ఆడుతున్నప్పుడు ఎవరు దేనికి సరిపోతారన్న ప్రశ్నకు చోటెక్కడిది?

1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. అంతకుముందు దాడి చేసేవాడికి ముందు ప్రత్యర్థులు ముగ్గురుండాలి. ఇప్పుడు ఇద్దరుంటే చాలు. గోల్స్ వెల్లువెత్తాయి. అదే ఏడు ఆర్సెనల్ మేనేజర్‌గా వచ్చిన హెర్బర్ట్ చాప్‌మన్ సెంటర్ హాఫ్‌ను రక్షణలోకి లాగాడు, ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లను కిందికి దించాడు. అలా దించేసరికి ముందు వరసలో మనుషులు తగ్గారు. ఆ లోటు పూడ్చే పని వింగర్ల మీద పడింది. 1929లో ఎక్సెటర్ సిటీ నుంచి తెచ్చిన 17 ఏళ్ల క్లిఫ్ బాస్టిన్ గీతను వదిలి లోపలికి కోసుకొచ్చి గోల్స్ కొట్టడం మొదలుపెట్టాడు. 1932-33లో ఆర్సెనల్ లీగ్ గెలిచినప్పుడు లీగ్ మ్యాచ్‌ల్లో అతనివి 33 గోల్స్, అవతలి అంచున జో హ్యూమ్‌వి 20. వీళ్లిద్దరి వెనక అలెక్స్ జేమ్స్ అనే పొట్టి స్కాట్లాండ్ మనిషి నిలబడి, ఫుల్‌బ్యాక్‌ల వెనక ఖాళీలోకి బంతులు వదిలేవాడు. జేమ్స్ లేని జట్టులో బాస్టిన్ అన్ని గోల్స్ కొట్టేవాడని నేను నమ్మను. వింగర్‌ను జట్టు తయారుచేస్తుందనడానికి చరిత్రలో మొదటి పెద్ద సాక్ష్యం ఇదే.

రెండో సాక్ష్యం దీనికి పూర్తిగా ఎదురు నిలుస్తుంది. ఆ సాక్షి పేరు స్టాన్లీ మాథ్యూస్.

స్టోక్ ఊరి మంగలి కొడుకు. కుడి అంచున బంతి తీసుకుని, ఫుల్‌బ్యాక్ ఎదుట దాదాపు ఆగిపోయి, ఒంటిని ఎడమకు వాల్చి కుడికి తప్పుకుపోయేవాడు. ఏం చేయబోతున్నాడో ఎదుటివాడికి తెలుసు, స్టేడియం మొత్తానికీ తెలుసు. అయినా ఆపలేకపోయేవారు. 1938లో అతను క్లబ్ మారతానంటే స్టోక్ జనం బహిరంగ సభ పెట్టారు. వేల మంది వచ్చారు, హాలు చాలక బయట నిలబడ్డారు. అతను ఆగిపోయాడు. యుద్ధం తర్వాత 1946-47లో స్టోక్ సిటీ లీగ్ గెలిచే దాకా వచ్చింది. సీజన్ ముగియకముందే, మేనేజర్‌తో పొసగని మాథ్యూస్‌ను 11,500 పౌండ్లకు బ్లాక్‌పూల్‌కు అమ్మేశారు. చివరి మ్యాచ్ షెఫీల్డ్ యునైటెడ్ మీద గెలిస్తే లీగ్ స్టోక్‌దే. ఓడిపోయింది. అభిమానుల మాటకు విలువ ఎంత అని అడిగేవాళ్లకు నేను ఈ రెండు ఘట్టాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఆ సభలో కూర్చున్న కుండల కార్ఖానా పనివాళ్లకు తమ జట్టు దేనివల్ల నిలబడి ఉందో తెలుసు.

ఇంగ్లండ్ జట్టు విషయంలో తగవు మరింత ముదిరింది. అదే కుడి అంచుకు ప్రెస్టన్ నుంచి టామ్ ఫిన్నీ వచ్చాడు. వృత్తి ప్లంబింగ్, రెండు కాళ్లతోనూ ఆడగలడు, గోల్స్ వేస్తాడు, కిందికొచ్చి సాయం పడతాడు. మాథ్యూస్ బంతిని పట్టుకుని ఉంటాడని, ఆ లోగా ప్రత్యర్థి రక్షణ సర్దుకుంటుందని ఒక పక్షం. మాథ్యూస్ దగ్గర బంతి ఉంటే ఇద్దరు ముగ్గురు అతని చుట్టూ చేరతారని, తక్కినవాళ్లకు చోటు దొరికేది అందుకేనని రెండో పక్షం. 1947 మే నెలలో లిస్బన్‌లో ఇద్దరినీ ఆడించారు: మాథ్యూస్ కుడి వైపు, ఫిన్నీ ఎడమ వైపు. పోర్చుగల్ మీద 10-0. ఇద్దరూ గోల్స్ వేశారు. తగవు అక్కడితో తీరిపోవాలి. తీరలేదు. సెలెక్టర్లు కమిటీలో కూర్చుని ఒకసారి ఇతన్ని, ఒకసారి అతన్ని తీస్తూ పోయారు. 1950 ప్రపంచకప్‌లో అమెరికాతో మ్యాచ్‌కు మాథ్యూస్‌ను పక్కన పెట్టారు. ఇంగ్లండ్ 0-1తో ఓడింది. తర్వాత స్పెయిన్‌తో ఆడించారు, అదీ 0-1. చివరికి లెక్క చూస్తే ఫిన్నీ ఇంగ్లండ్‌కు 76 మ్యాచ్‌ల్లో 30 గోల్స్, మాథ్యూస్ 54 మ్యాచ్‌ల్లో 11. ఆ అంకెలు చూసి ఫిన్నీయే నయమనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ 1953 ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌లో బోల్టన్ మీద 1-3తో వెనకబడ్డ బ్లాక్‌పూల్‌ను 4-3కు లాగింది ఎవరని అడిగితే, స్టాన్ మార్టెన్సన్ మూడు గోల్స్ వేశాడు, లోకం మాత్రం ఆ మ్యాచ్‌కు మాథ్యూస్ పేరే పెట్టుకుంది. లోకం తీర్పులో నాకు తప్పు కనిపించదు. 1961లో, 46 ఏళ్ల వయసులో అతను స్టోక్‌కు తిరిగొచ్చినప్పుడు 8 వేల చిల్లర ఉన్న ప్రేక్షకుల సంఖ్య ఒక్కసారిగా 35 వేలు దాటింది. 1963లో ఆ జట్టు రెండో డివిజన్ గెలిచి పైకెక్కింది.

స్పెయిన్‌తో ఆ 1950 మ్యాచ్‌లో మాథ్యూస్ వెనక రైట్‌బ్యాక్‌గా ఆడినవాడి పేరు గుర్తుపెట్టుకోవాలి: ఆల్ఫ్ రామ్సే. అతని దగ్గరికి తర్వాత వద్దాం.

1958లో స్వీడన్ ప్రపంచకప్‌కు వెళ్లిన బ్రెజిల్‌లోనూ ఇదే పేచీ. రైట్ వింగర్ గరించా కాళ్లు వంకర. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. టోర్నీకి ముందు ఇటలీలో ఫియొరెంటినాతో ఆడిన మ్యాచ్‌లో రక్షకులను, గోల్‌కీపర్‌ను కూడా దాటాక తీరిగ్గా ఆగి మరీ గోల్ వేశాడు. జట్టు పెద్దలకు అది బాధ్యత తెలియని చేష్టగా తోచింది. మొదటి రెండు మ్యాచ్‌లకు అతన్ని తీసుకోలేదు. ఇంగ్లండ్‌తో రెండో మ్యాచ్ 0-0 అయ్యాక, జూన్ 15న గోథెన్‌బర్గ్‌లో సోవియట్ యూనియన్ మీదికి పెలేతో పాటు దింపారు. మూడు నిమిషాల్లో గరించా ఒకటి, పెలే ఒకటి పోస్టులకు కొట్టారు, వావా గోల్ వేశాడు. ఫైనల్‌లో స్వీడన్ మీద మొదటి రెండు గోల్స్ గరించా కుడి అంచు నుంచి పంపిన బంతులకు వావా కాలు తగిలించినవే.

అందరూ చెప్పే కథ అంతవరకే. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది ఎడమ అంచున ఉన్న జగాలో. అతనూ వింగరే, కానీ దాడిలో ఎంత ఉండేవాడో మిడ్‌ఫీల్డ్‌లోకి అంతే దిగి కాపు కాసేవాడు. అటు జగాలో కాపు కాయడంవల్లే ఇటు గరించా ఎవరి వెంటా వెనక్కి పరుగెత్తకుండా తన ఆట తాను ఆడుకోగలిగాడు. పద్ధతిలో ఇమడని మనిషి కోసం పద్ధతిని ఒక పక్కకు వాల్చారు. 1962లో చిలీలో పెలే రెండో మ్యాచ్‌లోనే గాయపడి తప్పుకుంటే గరించా క్వార్టర్‌ఫైనల్‌లో రెండు, సెమీఫైనల్‌లో రెండు గోల్స్ వేసి కప్పు తెచ్చిపెట్టాడు. పెలే, గరించా కలిసి ఆడిన ఏ మ్యాచ్‌లోనూ బ్రెజిల్ ఓడలేదు.

అదే 1962లో మన హైదరాబాద్ మనిషి ఒకరు జకార్తా ఆసియా క్రీడల్లో ఇలాంటి లెక్కే వేశారు. సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ను రహీమ్ సాబ్ అనేవాళ్లు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించిన కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానం దాకా నడిపినవాడు. డ్రిబ్లింగ్ చేయకుండా ఆడాలన్న షరతుతో ఆయన కుర్రాళ్లకు పోటీలు పెట్టేవాడు, వాటం లేని కాలినే వాడాలనేవాడు. అంతమాత్రాన ఆయన వింగర్లకు శత్రువు కాదు. కుడి అంచున పి.కె. బెనర్జీ వేగాన్ని, సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం నేర్పును జట్టు ఆటకు కలిపి కుట్టింది ఆయనే. బలరాం లోపలా ఆడగలడు, ఎడమ అంచునా ఆడగలడు. లోపల చునీ గోస్వామి ఉన్నప్పుడు అంచుకు జరిగేవాడు. ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2-1 గెలుపులో ఒక గోల్ బెనర్జీది, రెండోది రహీమ్ రక్షణ నుంచి ముందుకు పంపిన జర్నైల్ సింగ్‌ది. మనిషిని బట్టి చోటు, చోటును బట్టి మనిషి అన్న ఈ సర్దుబాటు కళలో రహీమ్ సాబ్ ప్రపంచంలో ఎవరికీ తీసిపోడని నేను గట్టిగా నమ్ముతాను. 1963లో కేన్సర్‌తో పోయాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు.

అరవైలలోనే వింగర్‌కు గడ్డుకాలం వచ్చింది. కీవ్‌లో విక్టర్ మస్లోవ్ 1964లో డైనమో పగ్గాలు పట్టాడు. మిడ్‌ఫీల్డ్‌లో నలుగురు కలిసికట్టుగా ప్రత్యర్థి మీద పడి బంతి లాక్కోవాలన్నది అతని సిద్ధాంతం. ఆ జట్టు లెఫ్ట్ వింగర్ వలెరీ లోబనోవ్‌స్కీ అంటే కీవ్ జనానికి ప్రాణం. వంపు తిరిగి గోల్‌లోకి దూరే అతని కార్నర్ కిక్కుల కోసమే స్టేడియానికి వచ్చేవాళ్లుండేవారు. మస్లోవ్‌కు అతను అక్కరకు రాలేదు. ఇద్దరికీ చెడింది, లోబనోవ్‌స్కీ వెళ్లిపోయాడు. డైనమో 1966, 67, 68 వరసగా లీగ్ గెలిచింది. అభిమానులు ఓడిపోయారు, కోచ్ గెలిచాడు అనుకుంటాం. తర్వాత జరిగింది చూడండి. ఆ లోబనోవ్‌స్కీయే 1970లలో అదే డైనమోకు కోచ్‌గా వచ్చి, మస్లోవ్‌ను మించి ఆటను లెక్కలకు కట్టాడు. ఆ లెక్కల నడుమ ఎడమ వైపు ఒలెగ్ బ్లోఖిన్ అనే మెరుపు పరుగుల ఆటగాడికి చోటు పెట్టాడు. 1975లో ఆ జట్టు కప్ విన్నర్స్ కప్ గెలిచింది. బ్లోఖిన్ ఐరోపా ఉత్తమ ఆటగాడయ్యాడు. ఒకప్పుడు తనను బయటికి నెట్టిన పద్ధతిలో వింగర్‌ను ఎక్కడ నిలపాలో లోబనోవ్‌స్కీ కనిపెట్టాడు.

మేనేజర్‌గా మారిన రామ్సే ఇంగ్లండ్‌లో మస్లోవ్ దారే పట్టాడు. అంతకుముందే ఇప్స్‌విచ్‌లో జిమ్మీ లెడ్‌బెటర్‌ను పేరుకు లెఫ్ట్ వింగర్‌గా పెట్టి కిందికి లాగి ఆడించాడు. ప్రత్యర్థి రైట్‌బ్యాక్‌కు అతని వెంట పోవాలో ఉన్నచోటే ఉండాలో తెలిసేది కాదు. మొదటి డివిజన్‌లో అడుగుపెట్టిన తొలి ఏడే, 1962లో, ఇప్స్‌విచ్ లీగ్ గెలిచింది. 1966 ప్రపంచకప్ గ్రూపు దశలో రామ్సే మ్యాచ్‌కొక వింగర్‌ను పరీక్షించాడు: కొనెల్లీ, పెయిన్, క్యాలహన్. క్వార్టర్‌ఫైనల్ నుంచి ముగ్గురినీ పక్కన పెట్టి అలన్ బాల్, మార్టిన్ పీటర్స్‌లతో నడిపాడు. కప్పు వచ్చింది. పత్రికలు ఆ జట్టుకు రెక్కల్లేని అద్భుతమని పేరు పెట్టాయి. కానీ అర్జెంటీనా మీద హర్స్ట్ తల తగిలించిన బంతి ఎడమ నుంచి పీటర్స్ పంపినదే. ఫైనల్‌లో ఇప్పటికీ వాదించుకునే ఆ మూడో గోల్‌కు బంతి వచ్చింది కుడి అంచు నుంచి, బాల్ పరుగుతో. వింగర్లు పోయారు, వింగర్ పని పోలేదు. దురదృష్టం ఏమిటంటే ఇంగ్లిష్ క్లబ్బులు మొదటి సగాన్నే చూసి అనుకరించాయి, ఆ దేశపు ఆట చాలాకాలం ఇరుకైపోయింది.

డచ్చివాళ్లు అంచులను మళ్లీ వెడల్పు చేశారు. అక్కడా 1974లో ఎడమ వైపు అయాక్స్ పీట్ కీజరా, ఆండర్లెక్ట్‌లో ఆడే రెన్సెన్‌బ్రింకా అని దేశం చీలింది. కీజర్‌కు ఆ ప్రపంచకప్‌లో దక్కింది ఒక్క మ్యాచ్. పాతికేళ్ల తర్వాత బార్సిలోనాలో డచ్ కోచ్ లూయీ వాన్ గాల్‌కూ రివాల్డోకూ మధ్య నడిచింది దీనికి తిరగేసిన కథ. 1999లో ఐరోపా ఉత్తమ ఆటగాడిగా ఎన్నికైన రివాల్డో ఇక ఎడమ అంచున ఆడనన్నాడు, మధ్యలో చోటు కావాలన్నాడు. వాన్ గాల్ అతన్ని జట్టులోంచి తీసేశాడు. 2000లో వాన్ గాలే వెళ్లిపోయాడు. ఇక్కడ నా సానుభూతి కొంత కోచ్ వైపే. అంచున ఎవరూ లేకపోతే అతని ఆట మొత్తం కూలిపోతుంది, అది అతని మొండితనం మాత్రమే కాదు.

అదే వాన్ గాల్ 2009లో బయర్న్ మ్యూనిక్‌లో ఎడమకాలి వాటం రాబెన్‌ను కుడి అంచున నిలిపాడు. కుడికాలి రిబెరీ ఎడమ అంచున. ఇద్దరూ లోపలికి తిరిగితే ఖాళీ అయిన గీత వెంట ఫుల్‌బ్యాక్‌లు లామ్, తర్వాతి ఏళ్లలో అలాబా పరుగెత్తేవారు. బాస్టిన్ చేసిన పనే. తేడా ఏమిటంటే ఇప్పుడు ఫుల్‌బ్యాకే పాత వింగర్ అయ్యాడు. అయినా అభిమానుల ఓర్పు ఎంత సన్ననిదో చెప్పాలి. 2012 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో సొంత మైదానంలో చెల్సీ మీద రాబెన్ పెనాల్టీ పోగొట్టాడు. కొద్దిరోజులకే నెదర్లాండ్స్‌తో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో బయర్న్ అభిమానులే అతన్ని ఈలలతో గేలి చేశారు. బంతి ఇవ్వడు, తనకోసం ఆడతాడు అని ఆరోపణ. ఏడాదికి వెంబ్లీలో డార్ట్‌మండ్ మీద 89వ నిమిషంలో కప్పు గెలిపించిన గోల్ అతనిది, బంతిని మడమతో వదిలినవాడు రిబెరీ.

స్పెయిన్ కథ ఇటీవలిది. షావి, ఇనియెస్టా కాలంలో పాస్‌లతోనే లోకాన్ని గెలిచిన దేశానికి, వింగర్ బంతిని పణంగా పెట్టే మనిషిగా కనిపించాడు. 2018లో రష్యా మీద, 2022లో మొరాకో మీద వెయ్యికి పైగా పాస్‌లు వేసి పెనాల్టీల్లో ఓడి ఇంటికొచ్చాక ఆ నమ్మకం సడలింది. కోచ్ లూయిస్ దె లా ఫ్వెంతె 2024 యూరోలో కుడి వైపు లమీన్ యమాల్‌ను, ఎడమ వైపు నీకో విలియమ్స్‌ను నిలిపాడు. జులై 14న బెర్లిన్ ఫైనల్‌లో, ముందురోజే 17 నిండిన యమాల్ పాస్ ఇస్తే విలియమ్స్ గోల్ వేశాడు. పాస్‌ల ఆట ఎక్కడికీ పోలేదు. దాని చివర ఎదుటివాణ్ని దాటే మనుషులు చేరారు, అంతే. ఇంగ్లండ్ మీద 2-1.

ఈ కాలపు అతిపెద్ద తగవు మాత్రం జాక్ గ్రీలిష్ మీదే. ఆస్టన్ విల్లాలో అతను కెప్టెన్. ఎడమ నుంచి బయల్దేరి ఇష్టం వచ్చిన చోటికి తిరిగేవాడు, జట్టు బంతిని వెతుక్కుంటూ అతని దగ్గరికే పోయేది. 2021 ఆగస్టులో మాంచెస్టర్ సిటీ 10 కోట్ల పౌండ్లు పోసి కొనుక్కుంది. బ్రిటిష్ క్లబ్ ఒక ఆటగాడికి అంతకుముందు ఎన్నడూ అంత ఇవ్వలేదు. మేనేజర్ గార్డియోలా అతన్ని గీత దగ్గర నిలబెట్టి, బంతి పోగొట్టకు, తొందరపడకు అన్నట్టు ఆడించాడు. మొదటి లీగ్ సీజన్‌లో గోల్స్ మూడు. “ఇంత సొమ్ముకు మూడా?” అని ఒక పక్షం. “అతను బంతిని పట్టి ఉంచడంవల్లే మనం ఎదురుదాడికి దొరకడం లేదు, లెక్క చూడటం కాదు, ఆట చూడండి” అని రెండో పక్షం. 2022-23లో సిటీ లీగ్, ఎఫ్.ఏ. కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచింది. ఆ ఏడు గ్రీలిష్ వెనక ఎక్కువగా ఆడింది నేథన్ ఆకే, స్వతహాగా సెంటర్ బ్యాక్. అతను అంచు వెంట దాటుకుని ముందుకు పోయే మనిషి కాదు. కనుక గ్రీలిష్ ఎదుట ఎప్పుడూ ఇద్దరుండేవారు, సాయానికి వచ్చే పరుగు అరుదు. ఆ స్థితిలో బంతిని వెనక్కి తిప్పడం పిరికితనం కాదు, అప్పగించిన పని.

తర్వాతి ఏడు జెరెమీ డోకు వచ్చాడు; బంతి అందగానే ఫుల్‌బ్యాక్ మీదికి దూకుతాడు. గ్యాలరీ సహజంగానే అతని వైపు తిరిగింది. గ్రీలిష్ బెంచ్‌కు పరిమితమై, 2025 క్లబ్ ప్రపంచకప్ జట్టులోనూ చోటు కోల్పోయి, ఆగస్టులో ఎవర్టన్‌కు అప్పుపై వెళ్లాడు. అక్కడ డేవిడ్ మోయిస్ జట్టు దగ్గర బంతి ఎక్కువసేపు ఉండేది కాదు. ఉన్న కాసేపూ దాన్ని నిలబెట్టి, ఫౌళ్లు రాబట్టి, అదను చూసి లోపలికి పంపే మనిషి కావాల్సి వచ్చింది. బ్రైటన్ మీద రెండు, వుల్వ్స్ మీద రెండు గోల్స్‌కు గ్రీలిష్ పాస్‌లు ఇచ్చాడు, ఆ నెలకు ప్రీమియర్ లీగ్ ఉత్తమ ఆటగాడిగా ఎన్నికయ్యాడు. మాంచెస్టర్‌లో అతని ఆట నెమ్మది అన్నది ఏ అలవాటును చూసో, లివర్‌పూల్ నగరంలో ఎవర్టన్ అభిమానులు చప్పట్లు కొట్టింది ఆ అలవాటుకే.